వచ్చి పోయే పెట్రోలు వాసన: దాని వెనక నూట అరవై ఏళ్ల కథ

ముందే చెప్పేస్తున్నాం, ఇది పొడుగు పోస్టు. షిఫ్టు బ్రేకులో సగం, ఇంటికి పోయాక సగం చదువుకోండి. పాత కారు కొని నలుగురైదుగురు కలిసి పనికి పోయే వాళ్లు మాత్రం చివరిదాకా చదవాలి.

మేం అయిదుగురం. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంటు, అందరికీ కలిపి ఒక పాత కారు. రాత్రి షిఫ్టుకు అందులోనే పోతాం, పొద్దున అందులోనే వస్తాం. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి అందులో పెట్రోలు వాసన. రోజూ వచ్చి ఉంటే ఎక్కడో కారుతోందని అప్పుడే తెలిసిపోయేది. ఇది ఒక రోజు వస్తుంది, మూడు రోజులు మాయం. మొదట చెప్పింది మాలో అందరికంటే చిన్నవాడు, దేశానికి కొత్తగా వచ్చినవాడు. "అన్నా, పెట్రోలు వాసన వస్తోంది" అన్నాడు. "బంకులో చేతికి అంటి ఉంటుంది లేరా" అన్నాం. రెండు వారాల తర్వాత ఒక రాత్రి వాడు తలనొప్పి అంటూ వెనక అద్దం దించాడు. బయట మైనస్ 20. అందరం కలిసి వాడినే తిట్టాం.

తర్వాత మెకానిక్ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లాం. రెండుసార్లూ ఒకటే మాట: "వాసనా లేదు, చెక్ ఇంజన్ లైటూ లేదు." చూసినందుకు డబ్బులు మాత్రం రెండుసార్లూ పోయాయి.

వాడి మాట మేం ఎందుకు నమ్మలేదు? ఆలోచిస్తే కారణం మన ఊళ్లోనే ఉంది. మనం పెట్రోలు వాసనలో పెరిగినవాళ్లం. రాత్రి నాన్న స్కూటరు లోపలికి ఎక్కించి వరండాలో పెడితే, పొద్దున్నే ఇల్లంతా అదే వాసన. ట్యాపు కట్టేయడం మరిచిపోతే కార్బురేటర్ నుంచి కారి కింద మరక పడేది. స్టార్టు కాకపోతే బండిని ఓ పక్కకు వంచి మళ్లీ కిక్కు కొట్టేవాళ్లం. బండి అన్నాక వాసన మామూలే అని మన ముక్కుకు అలవాటైపోయింది. కానీ ఇప్పటి కారు అలా కాదు. బాగున్న కారులో పెట్రోలు వాసన అసలు రాకూడదు. అది రాకుండా చెయ్యడానికి పెద్ద చరిత్రే నడిచింది. అందులో మొదటి అధ్యాయం మనం ఉన్న ఈ ఒంటారియోలోనే ఉంది.

లండన్ నుంచి సార్నియాకు 402 హైవే మీద పోతుంటే లాంబ్టన్ కౌంటీ వస్తుంది. అక్కడి ఆయిల్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో 1858లో జేమ్స్ మిల్లర్ విలియమ్స్ నూనె బావి తవ్వాడు. అమెరికాలో పెన్సిల్వేనియా బావి కంటే అది ఏడాది ముందు. పక్కనే పెట్రోలియా అని ఊరు వెలిసింది, పేరులోనే పెట్రోలు ఉంది. అయితే ఆ నూనెకు ఒక పెద్ద చిక్కు. దాంట్లో గంధకం ఎక్కువ. ఆ రోజుల్లో నూనె తీసేది దీపాల కిరసనాయిలు కోసం. లాంబ్టన్ కిరసనాయిలుతో దీపం పెడితే ఇల్లంతా కుళ్లిన గుడ్ల కంపు. పెన్సిల్వేనియా నూనెకు ఆ కంపు లేదు కాబట్టి జనం దాన్నే అడిగేవారు. చివరికి 1880ల్లో హెర్మన్ ఫ్రాష్ అనే రసాయన శాస్త్రవేత్త రాగి ఆక్సైడుతో ఆ గంధకాన్ని తీసేసే పద్ధతి కనిపెట్టాడు. కొనేవాళ్ల ముక్కు ఒప్పుకోకపోతే సరుకు అమ్ముడుపోదని ఆ వ్యాపారులకు అలా తెలిసొచ్చింది.

అప్పట్లో గ్యాసొలిన్‌ను పట్టించుకున్నవాడే లేడు. కిరసనాయిలు తీస్తుంటే పక్కన వచ్చే, తొందరగా అంటుకునే పనికిమాలిన సరుకు అది. కార్లు వచ్చాక దాని దశ తిరిగింది. దాంతోపాటే దాని వాసనా ఊళ్లలోకి వచ్చింది, ఎవరూ తప్పు పట్టలేదు.

తప్పు పట్టిన చోటు లాస్ ఏంజిలిస్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల నుంచి అక్కడ కళ్లు మండే పొగమంచు. ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. దాన్ని తేల్చినవాడు ఏరీ హాగెన్-స్మిట్. కాల్‌టెక్‌లో ఆయన అప్పటిదాకా చేస్తున్న పని అనాసపండు వాసన దేనివల్ల వస్తుందో వెతకడం. వాసనల మనిషి కాబట్టే ఊరి గాలిని అదే పద్ధతిలో పట్టి చూశాడు. కార్ల నుంచీ రిఫైనరీల నుంచీ వచ్చే పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ తయారవుతోందని 1950ల మొదట్లో చూపించాడు. తర్వాత లెక్కలు తీస్తే ఇంకో సంగతి బయటపడింది. పొగ గొట్టం నుంచి వచ్చేది ఒక్కటే కాదు, ఆగి ఉన్న కారు ట్యాంకు నుంచీ కార్బురేటర్ నుంచీ కూడా పెట్రోలు ఊరికే ఆవిరై గాల్లో కలుస్తోంది.

ఆ ఆవిరిని పట్టడానికి వాడింది బొగ్గు. ఇది కొత్త విద్యేం కాదు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ గ్యాసు వదిలినప్పుడు కెనడా సైనికులు తడి గుడ్డలు ముక్కుకు కట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత వచ్చిన గ్యాస్ మాస్కుల్లో బొగ్గు పెట్టారు, అందులో కొబ్బరి చిప్పల బొగ్గు మేలైనదని పేరు తెచ్చుకుంది. ప్రత్యేకంగా కాల్చిన బొగ్గుకు లోపల లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలు ఉంటాయి, ఆవిరి వాటికి అతుక్కుంటుంది. కార్లలోనూ అదే సూత్రం. 1970 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో, 1971 నుంచి అమెరికా అంతటా కార్లలో బొగ్గు డబ్బా వచ్చింది. దీన్నే కానిస్టర్ అంటారు. కారు ఆగి ఉంటే ట్యాంకు ఆవిరి ఇందులోకి పోయి బొగ్గుకు పడుతుంది. ఇంజను నడుస్తుంటే ఒక వాల్వు తెరుచుకుని, ఆ ఆవిరిని లాక్కెళ్లి ఇంజన్లోనే కాల్చేస్తుంది.

1998 మోడళ్ల నుంచి దశలవారీగా, బంకులో నింపేటప్పుడు వచ్చే ఆవిరి కూడా ఈ డబ్బాలోకే పోవాలని అమెరికాలో నియమం వచ్చింది. అందుకే పంపు టక్కుమని ఆగాక ఇంకో డాలరు, ఇంకో రెండు డాలర్లు అని నొక్కకూడదు. అలా నొక్కితే ఆవిరి పోవలసిన చోటికి ద్రవమే పోతుంది. బొగ్గు తడిసి పాడవుతుంది. మనలో లెక్క రౌండుగా రావాలని నొక్కేవాళ్లు చాలామంది, మాతో సహా.

ఇక అసలు సంగతికి వద్దాం. లైటు ఎందుకు వెలగలేదు? ఓబీడీ-2 అనే కంప్యూటర్ పరీక్ష అమెరికాలో 1996 నుంచి, కెనడాలో 1998 నుంచి తప్పనిసరి. ఇది ట్యాంకు, కానిస్టర్, మూత, వాటి మధ్య గొట్టాలు బిగువుగా ఉన్నాయా అని తనంతట తానే చూసుకుంటుంది. అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పట్టేంత సున్నితం. కానీ దానికి రెండు షరతులు ఉన్నాయి, ఇవి తెలిశాకే మాకు విషయం అర్థమైంది.

మొదటిది, ఆ పరీక్ష ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. చాలా కార్లలో ట్యాంకు మరీ నిండుగా, మరీ ఖాళీగా ఉండకూడదు. బయట చలి గడ్డకట్టేంతగా ఉండకూడదు. అంటే మన జనవరి, ఫిబ్రవరి నెలల్లో వారాల తరబడి ఆ పరీక్షే జరగకపోవచ్చు. లైటు వెలగలేదంటే బాగుందని కాదు, అసలు చూడలేదని కూడా కావచ్చు.

రెండోది, ఆ పరీక్ష చూసేది ఆవిరి దారిని. పంపు నుంచి ఇంజనుకు పెట్రోలు పోయే దారిని కాదు. పాత కార్బురేటర్ బళ్లలో ఆ గొట్టంలో ఒత్తిడి అయిదారు పీఎస్ఐ మించేది కాదు. ఇంజెక్షన్ వచ్చాక అది నలభై, యాభై దాకా పోయింది. ఇంజను ఆపినా ఆ ఒత్తిడి కాసేపు అలాగే ఉంటుంది. అక్కడ చుక్క చుక్కగా ఊరితే లైటు వెలిగే దారే లేదు.

ఒంటారియోలో 1999 నుంచి డ్రైవ్ క్లీన్ పరీక్ష ఉండేది. 2019 ఏప్రిల్‌లో మామూలు కార్లకు తీసేశారు. ఫీజు తప్పిందని సంతోషమే. కానీ ఆవిరి సంగతి అడిగేవాడు కూడా పోయాడు. ఇక మిగిలింది మన ముక్కే.

ఆ ముక్కుకూ ఒక లోపం ఉంది. ఒకే వాసనలో కొద్ది నిమిషాలు కూర్చుంటే అది తెలియడం మానేస్తుంది. ముందే వెళ్లి కారు వేడిచేసే మా డ్రైవరుకు అందుకే ఏమీ తెలియలేదు. చివర్లో ఎక్కే చిన్నవాడికి తెలిసింది. వాడిది అనుమానం కాదు, మా అందరిలో పనిచేస్తున్న ముక్కు వాడిదే.

అందుకని వాడి చేతికే నోటుబుక్కు ఇచ్చాం. తేదీ, బయట ఎంత చలి, ట్యాంకులో ఎంత ఉంది, వాసన ఎప్పుడు వచ్చింది, ముందు నుంచా వెనక నుంచా, హీటరు బయటి గాలి లాగుతోందా లోపలి గాలే తిప్పుతోందా. మూడు వారాలు రాశాడు. చూస్తే అది ఒక వాసన కాదు, రెండు. రెండూ కలిసిపోయి మమ్మల్ని ఆడించాయి.

ఒకటి మైనస్ 15 దాటిన రోజుల్లోనే, స్టార్టు చేసిన మొదటి పది నిమిషాల్లోనే, హీటరు గాలిలో. లోపలి గాలి బటన్ నొక్కితే తగ్గేది. హీటరు గాలి లాగేది ముందు అద్దం కింద నుంచి, అంటే ఇంజన్ దగ్గర్నుంచి. ఇంకోటి చలితో సంబంధం లేకుండా, ట్యాంకు నింపిన రోజు మాత్రమే, వెనక చక్రం వైపు. ట్యాంకు సగానికి దిగితే అదీ లేదు.

ఈ కాగితం తీసుకుని ఇంకో మెకానిక్ దగ్గరికి పోయాం. ఆయన చదివి, "కారు రాత్రికి నా యార్డులో వదిలేయండి" అన్నాడు. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టు చేసి టార్చి పట్టుకుని చూశాడు. పెట్రోలు గొట్టం కలిసే చోట రబ్బరు చలికి గట్టిపడి, కుంచించుకుపోయి, క్లాంపు దగ్గర తడి. ఇంజను వేడెక్కితే రబ్బరు మళ్లీ సాగి మూసుకుంటోంది. మేం ఇదివరకు రెండుసార్లూ అరగంట నడిపి వేడి ఇంజనుతోనే పోయాం కదా, ఎలా కనబడుతుంది? వెనక చక్రం లోపల పెట్రోలు పోసే గొట్టం రోడ్ల మీద చల్లే ఉప్పుకు తుప్పు పట్టి, పైభాగంలో చిల్లు పడింది. నిండుగా పోస్తేనే అక్కడిదాకా వస్తుంది. రెండూ మార్చాడు. అప్పటి నుంచి నోటుబుక్కులో రాయడానికి ఏమీ లేదు.

చలిలో పెట్రోలు అంటుకోదులే అనుకునేవాళ్లకు ఒక్క మాట. దాని ఫ్లాష్ పాయింటు సుమారు మైనస్ 43. మన చలికాలమంతా దానికి లెక్కే కాదు. గాలిలో ఒకటిన్నర శాతం ఆవిరి ఉంటే చాలు, నిప్పు రవ్వకు అంటుకుంటుంది. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోకుండా నేల మీదే పాకుతుంది. గ్యారేజీలో, అండర్‌గ్రౌండ్ పార్కింగులో అది ఎక్కడ పేరుకుంటుందో ఊహించుకోండి.

అందుకే చెప్తున్నాం. వాసన వస్తే లైటర్‌తో వెతకొద్దు, కారులో సిగరెట్టు వద్దు. కింద తడి కనబడితే స్టార్టు చెయ్యకండి, షిఫ్టు పోయినా సరే టో పిలవండి. ఏమీ కనబడకపోతే రాయడం మొదలుపెట్టండి: చలిలోనా, నింపాకా, ఆగి ఉన్నప్పుడా, ఎండ కాసిన రోజా. మూత రబ్బరు ముందు చూడండి, అది అన్నిటికంటే చవక. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. చలిలో దగ్గర దగ్గర తిరుగుళ్లు తిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది, అదీ వాసనే. మెకానిక్‌తో "అప్పుడప్పుడు వస్తోంది" అనొద్దు, ఎప్పుడెప్పుడు వస్తోందో చెప్పండి. ఇంకో సంగతి, ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలు. వంటింటి సిలిండరు గుర్తొచ్చి ఫోన్లో తికమక పడకండి.

ఇప్పుడు మా కారులో ఒక నియమం ఉంది. ఎవరికి వాసన వచ్చినా, ఎంత కొత్తవాడైనా, కారు పక్కకు ఆపి అందరం దిగుతాం. రెండు నిమిషాలు బయట నిలబడి మళ్లీ ఎక్కి చూస్తాం. చలికి వణుకుతూనే చూస్తాం. ఆ రోజు చిన్నవాణ్ని తిట్టినందుకు మేం కట్టుకుంటున్న జరిమానా అనుకోండి.

మీ కారులో ఇలాంటిది జరిగి ఉంటే ఎప్పుడు వచ్చింది, చివరికి ఎక్కడ దొరికింది, కింద రాయండి. ఇంకో బేస్‌మెంటులో ఇంకో అయిదుగురికి పనికొస్తుంది.