అయిమారా భాష – ప్రత్యక్ష పరోక్షములు

దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతములనడుమ, సముద్రమట్టమునకు 3,800 మీటర్ల యెత్తున, టిటికాకా యను మహాసరస్సు గలదు. దానిచుట్టునుగల పీఠభూమియందు, అనఁగా బొలీవియా, పెరూ, చిలీ దేశములు గలియుచోట, సుమారు 20 లక్షల జనులు అయిమారాభాషను మాటాడుచున్నారు.

అచ్చుపడిన తొలి విపులవ్యాకరణమును రచించినవాఁడు లుదోవీకో బెర్తోనియో యను ఇటలీదేశపు జెసూట్ మతాచార్యుఁడు. అది 1603లో రోమునగరమున వెలువడినది. ఆతఁడు సరస్సుతీరమందలి జూలీగ్రామమునఁ బెక్కేండ్లు వసించి 1612లో నిఘంటువును గూడఁ బ్రకటించెను. నిఘంటువు నేఁటికిని శిరోధార్యము. వ్యాకరణమన్ననో లాటిను మూసలోఁ బోసినది.

ఆ మూసలో నిమడని విషయమొకటి గలదు. గతమునుగూర్చి పలుకునపుడు అయిమారావక్త తాను గన్నదానిని విన్నదానినుండి ప్రత్యయముచేతనే వేఱుపఱుపవలయును. 'సరాన' యన్నచో 'పోయెను. నేను చూచితిని' యని యర్థము. 'సరతయ్న' యన్నచో 'పోయెను. నేను చూడలేదు' అని. పాణినీయము చదివినవారికి లిట్టు స్మరణకు రాకమానదు. తనక్రియయే తనకుఁ బరోక్షమగుట యెట్లను చర్చకు మనశాస్త్రమున నిద్రితుఁడును మత్తుఁడును దృష్టాంతములైరి. కావ్యములనాఁటికి మన లిట్టు కేవలభూతముగా మాఱినది. అయిమారాయం దీభేదము నేఁటికిని సజీవము.

చరిత్ర చెప్పువాని కిది చిన్నవిషయము గాదు. పుస్తకమునఁ జదివిన ప్రాచీనవృత్తాంతమును ప్రత్యక్షరూపమునఁ బలికినచో, 'ఈతఁ డచ్చట నుండెనా?' యని శ్రోతలు శంకింతురు. బొంకరియో ప్రగల్భుఁడో యని తలంతురు. అక్షరలక్షణము నెఱిఁగిన బోధకుఁడే ప్రత్యయమెఱుఁగక నమ్మకము గోలుపోవును.

భాషను బొగడినవారును లేకపోలేదు. వియ్యామీల్ దె రాదా యను బొలీవియావాఁడు ఇదియే ఆదాముభాష యని వాదించెను. ఆగ్రంథము 1888లో లాపాసునగరమున నచ్చయ్యెను. ఇట్టి వాదములు మన పండితులకుఁ గ్రొత్తవి గావు. వానివలన నొక్క ప్రత్యయమైనను దెలియదు.

పని జరిగినది 1965 ప్రాంతమునుండి. మార్తా హార్డ్‌మన్ అను అమెరికా భాషాశాస్త్రజ్ఞురాలు, హువాన్ దె దియోస్ యాపీత, హువానా వాస్కెస్ అను అయిమారాలతోఁ గలసి, ఈభేదమును ఆభాషకు మూలస్తంభములలో నొకటిగా నిరూపించెను. యాపీత 1968లోఁ దన భాషకుఁ దగిన వర్ణమాలను గూర్చెను. అచ్చులు మూఁడే, స్పర్శములు మాత్రము అల్పప్రాణము, మహాప్రాణము, కంఠమును బిగించి పలుకునది యని మూఁడువిధములు. 2009 నాఁటి బొలీవియా రాజ్యాంగము అయిమారాను అధికారభాషలలోఁ జేర్చినది.

ఇంకొక విశేషము. 'నయ్ర' యనఁగాఁ గన్ను, ముందువైపు, గతకాలము. 'ఖిప' యనఁగా వీఁపువైపు, రానున్న కాలము. ఈభాషనాడు వృద్ధులు గతమును జెప్పుచు ముందునకుఁ జేయి చాఁతురని నూన్యెస్, స్వీట్సర్ అను పరిశోధకులు 2006లోఁ బ్రకటించిరి. చూచినది కన్నులయెదుటను, చూడనిది వెనుకను నుండుట వారికి సహజము. మన 'ముందు' శబ్దము 'ముందు చెప్పితిని' యనుచో గతమును, 'ముందు రానున్నది' యనుచో భవిష్యత్తును దెలుపుచున్నది.