దుమ్ముగూడెం లేసు

భద్రాచలానికి ఎగువన, గోదావరి గట్టున పర్ణశాల ఉన్నది. సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని అక్కడి రాతిమీది రంగుచారలను యాత్రికులకు నేటికీ చూపుతారు. ఆ క్షేత్రానికి కొద్ది మైళ్ల దిగువన దుమ్ముగూడెం గ్రామం. నారచీర కథ తెలుగువారందరూ ఎరిగినదే. ఆ గట్టుననే మరొక వస్త్రకథ కూడా నడచినదని ఎరిగినవారు తక్కువ. సముద్రాలకు ఆవల దొరసానులు సాయంకాలపు విందులకు ధరించే గౌన్లకు శోభ తెచ్చిన లేసు అనే అల్లిక, ఒకప్పుడు ఈ అడవి అంచున మన స్త్రీల చేతులలో తయారయినది. ఆ కథను పాఠకులకు మనవి చేయదలచినాము.

ఈ అడవిలోనికి లేసు ఎట్లా వచ్చినది? దానికి దారి చూపినది గోదావరియే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఆర్థర్ కాటన్ దృష్టి ఎగువ నది మీద నిలిచినది. బేరారు ప్రాంతపు పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చవలెనని ఆయన సంకల్పం. నదికి అడ్డంగా మూడుచోట్ల రాతి అవరోధాలున్నవి. వాటిలో మొదటిది దుమ్ముగూడెం వద్దనే. 1860లో భద్రాచలం తాలూకా నిజాం ఏలుబడి నుండి ఇంగ్లీషువారికి సంక్రమించినది. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యాన ఇక్కడ ఆనకట్ట, కాలువ, పడవలు దాటే లాకులు నిర్మాణమైనవి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం ప్రారంభమై లాంకషైరు మిల్లులకు పత్తి కరవు కాగా, ఈ పనికి ప్రాముఖ్యం హెచ్చినది. 1865లో యుద్ధం ముగిసినది. ఇక్కడి ఖర్చు మాత్రం పెరుగుతూనే వచ్చినది. చివరకు 1871లో ప్రభుత్వం ఈ ప్రయత్నాన్ని విరమించినది.

పత్తిని గూర్చిన ఆశ వమ్మయినది గాని, హేగ్ చొరవతో కోయవారి నడుమ ప్రారంభమైన చర్చి మిషనరీ సొసైటీ వారి మిషను నిలిచినది. అందులో చిరకాలం పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్, భద్రాచలం, రేకపల్లి తాలూకాల ప్రజల ఆచారాలను గూర్చి 1876 మొదలు ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో వ్యాసాలు వ్రాసినారు. కోయల చరిత్రను పరిశోధించినవారు వాటిని ఉదహరిస్తూ వచ్చినారు. ఆయన భార్య చేసిన పని వేరు. ఆమె ఇక్కడి స్త్రీలకు లేసు పని నేర్పినారు. ‘దుమ్ముగూడెం లేసు’ అనే పేరు ఆ మిషను వలననే లోకానికి తెలిసినది.

మిషనరీలకు లేసు మీదనే మనసు ఎందుకు పోయినది? 1809లో హీత్‌కోట్ అనే ఆంగ్లేయుడు వలగుడ్డను నేసే యంత్రానికి పేటెంటు పొందినది మొదలు ఐరోపాలో చేతిలేసు గడ్డుకాలాన్ని ఎదుర్కొన్నది. అయినా చేతిపనికి గౌరవం పోలేదు. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంట నాశనమై ఘోరమైన కరవు రాగా, సన్యాసినులు, సంపన్న స్త్రీలు పేద కుటుంబాల ఆడవారికి కొక్కెపు సూదితో లేసు అల్లడం నేర్పినారు. మగ్గం అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. ఒక సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలును. ఇల్లు కదలకుండా నాలుగు డబ్బులు వస్తవి. మన గోదావరి తీరాన కూడా మిషనరీలను ఆకర్షించినది ఈ సౌలభ్యమే.

అటువంటి లేసుతో గౌను తయారయ్యే విధానం విచిత్రమైనది. దర్జీ పని కత్తెరతో మొదలవుతుంది. ఈ పనిలో లేసుకు కత్తెర తగలరాదు. కోసినచో పోగు ఊడి అల్లిక విడిపోతుంది. అందువలన పూలు, ఆకులు, చక్రాలు విడివిడిగా అల్లుతారు. ధరించే మనిషి కొలతకు గుడ్డతో నమూనా కోసి, దాని మీద పూలను బోర్లించి, పెద్ద కుట్లతో తాత్కాలికంగా నిలుపుతారు. నడుమ ఖాళీలను గొలుసు అల్లికతో కలుపుతారు. చివరకు ఆ కుట్లు విప్పి నమూనాను తొలగిస్తే గౌను మిగులుతుంది. లోపల పట్టు అస్తరు వేస్తే పూల సందులలో నుండి దాని రంగు కనబడుతుంది. నేడు యంత్రపు లేసు కొని ఇంటివద్ద గౌను కుట్టుకునే నేర్పరి గృహిణి కూడా తిన్నని అతుకు వేయదు. పువ్వు అంచు వెంట కోసి, ఒక పువ్వు మీద మరొక పువ్వును పరచి సన్నగా కుడుతుంది. అతుకు కనబడకపోవడమే ఈ విద్యలో గొప్ప.

మిషనరీలు నాటిన ఈ పని డెల్టాలో, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పెద్ద వ్యాపారంగా వ్యాపించినది. అక్కడ ఏజెంటు దారం తెచ్చి ఇంటింటికి ఇస్తాడు. ఒక ఇల్లాలు పూలు అల్లుతుంది. మరొక ఇల్లాలు అతుకుపని చేస్తుంది. పూర్తి అయిన వస్తువును చూడకుండానే ఎందరో జీవితమంతా అల్లినారు. 1970 దశకం చివర అక్కడ పరిశోధన చేసిన జర్మన్ విదుషి మరియా మీస్, 1982లో ప్రకటించిన గ్రంథంలో ఒక సత్యాన్ని వెల్లడించినారు. దినానికి ఎన్నో గంటలు అల్లే ఈ స్త్రీలను వర్తకులే గాక ఇంటివారు కూడా శ్రామికులుగా ఎంచలేదు. ‘ఇంట్లో కూర్చుని ఖాళీవేళ చేసుకునే పని’ అన్నారు. ఆ ఒక్క మాట వలన కూలి తగ్గినది. గడప దాటకపోవడం పరువు అనుకున్న కుటుంబాలలో ఆ మాటను కాదనేవారు కూడా లేకపోయినారు. కనబడకుండా పోయినది అతుకు మాత్రమే కాదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషింపదగినదే. అయితే గుర్తింపు ఊరికి వచ్చినది. అల్లిన మనిషికి కూడా అది దక్కవలెనని మేము కోరుతున్నాము. దుమ్ముగూడెం 1874లో గోదావరి జిల్లాలోను, 1959లో ఖమ్మం జిల్లాలోను, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను చేరినది. ఈ మార్పులన్నీ ప్రభుత్వ పత్రాలలో భద్రంగా ఉన్నవి. ఇంజనీరు పేరు, మిషనరీ పేరు పుస్తకాలలో ఉన్నవి. లేసు అల్లిన చేతుల పేర్లు మాత్రం ఇళ్లలోని ముసలివారి జ్ఞాపకాలలోనే వెదకవలెను. మీ అమ్మమ్మగారి పెట్టెలో పాత లేసు తునక ఏదైనా ఉన్నట్లయితే, దానిని అల్లినది ఎవరో పెద్దలను అడిగి, ఒక కాగితం మీద వ్రాసి దానితోపాటు దాచండి.