ది కింక్స్ ఆర్ ద విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ

లండన్ రాక్ బృందం ‘ది కింక్స్’ 1968 నవంబరు 22న బ్రిటన్‌లో విడుదల చేసిన ఆల్బం ఇది. పేరు చేంతాడంత. తెలుగులో చెప్పుకోవాలంటే, తాము ఊరి పచ్చికబయలును కాపాడే సంఘమని బృందం తనను తాను పరిచయం చేసుకుంటోంది. సరిగ్గా అదే రోజు బీటిల్స్ ‘వైట్ ఆల్బం’ కూడా దుకాణాలకు చేరింది. ఇక దీన్ని పట్టించుకునేదెవరు? బ్రిటన్ అమ్మకాల పట్టికలో దీనికి చోటే దక్కలేదు.

1964లో ‘యూ రియల్లీ గాట్ మీ’తో దేశంలో మొదటి స్థానానికి ఎక్కిన బృందం ఇదే. ఆ పాటలోని గరగరలాడే గిటార్ కోసం డేవ్ డేవీస్ తన యాంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో చీల్చాడు. హార్డ్ రాక్ వాళ్లు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటారు. అయితే 1965లో అమెరికా పర్యటన గొడవలతో ముగిసింది. అక్కడి సంగీతకారుల సంఘం పెట్టిన ఆంక్ష వల్ల 1969 దాకా ఆ దేశంలో కచేరీలు చేసే వీల్లేకపోయింది. పాటల రచయిత, డేవ్ అన్న రే డేవీస్ చూపు ఇంగ్లండు మీదే నిలిచిపోయింది.

1966 నవంబరులో రికార్డు చేసిన ‘విలేజ్ గ్రీన్’ పాట ఈ ఆల్బానికి విత్తనం. డిలన్ థామస్ రేడియో నాటకం ‘అండర్ మిల్క్ వుడ్’లో ఒక ఊరి జనమంతా మాట్లాడినట్టే, ఇక్కడా పాటకో మనిషి తన గోడు చెప్పుకోవాలని రే ఊహ. ముందు పన్నెండు పాటలతో సిద్ధమైంది. రే చివరి నిమిషంలో ఆపించి పదిహేను చేశాడు. ఆలోగా స్వీడన్, ఫ్రాన్సుల్లో పన్నెండు పాటల రికార్డు వెళ్లనే వెళ్లింది.

ఆల్బం వచ్చిన 1968, పారిస్ వీధుల్లో విద్యార్థులు రాళ్లు రువ్విన ఏడాది. అప్పుడు జామ్ గురించీ పింగాణీ కప్పుల గురించీ పాడితే చాదస్తంగానే తోచి ఉంటుంది. నిజానికి ఇందులో బెంగ ఎంతో వెటకారమూ అంతే. ఆ ఆగస్టులోనే బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల్లో ఆవిరి బండ్లకు సెలవిచ్చింది. ఆల్బంలోని ఆవిరి బండేమో మ్యూజియంలో నిలబడి తన గొప్పలు చెప్పుకుంటుంది. దాని లయ మాత్రం బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ దగ్గర తెచ్చుకున్నదే. తొలినాటి నలుగురూ కలిసి చేసిన చివరి ఆల్బమిది. బాస్ వాయించిన పీట్ క్వైఫ్ 1969లో వెళ్లిపోయాడు.

2004లో ఒక ప్రింటర్ ప్రకటనలో వినిపించిన ‘పిక్చర్ బుక్’ కొత్త శ్రోతలను తెచ్చింది. బ్రిటన్‌లో లక్ష ప్రతులకు ఇచ్చే గోల్డ్ డిస్క్ 2018లో, అంటే యాభయ్యేళ్లకు, దీనికి అందింది. క్వైఫ్ అప్పటికి లేడు, 2010లోనే కన్నుమూశాడు.