చేర్యాల నకాశీ పటం

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ చిత్రకారులు గుడ్డపై గీసే పొడవాటి కథాపటం. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు పూసి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యంలో బొమ్మలు వేస్తారు. పటం విప్పుతూ కథకులు కులపురాణాలు పాడతారు: పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం. గీసేవారు, పాడేవారు, సంభావనిచ్చి వినేవారు కలిస్తేనే ఇది బతికే కళ. జీర్ణమైన పటాన్ని పూజచేసి నీటిలో కలిపేవారు. పాత పటాలు అరుదవడానికి అదీ ఒక కారణం. భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు, పట్నపు గిరాకీ చిత్రకారులకు ఆసరా అయ్యాయి. కానీ గోడకు తగిలించే చిన్న పటంలో పాటకు చోటులేదు. అందుకే బొమ్మలను మాత్రమే భద్రపరిస్తే చాలదు, కథకుల గానాన్ని ఊళ్లోనే, శ్రోతల మధ్యనే రికార్డు చేయాలి.