వేసవి పుస్తకములు - తల్లి తీరిక

వేసవి సెలవులు దగ్గరపడుసరికి హైదరాబాదు పాతనగరమున శాలిబండ, లాల్‌దర్వాజ, గౌలిపుర మొదలగు వాడలలోని తెలుగు తల్లులు ఉపాధ్యాయుల నడుగు ప్రశ్న యొకటి కలదు. ఈ సెలవులలో మా పిల్లలచేత ఏమి చదివింపవలెను? అని. ఎనిమిదేండ్ల వాడొకడు, పదునొకండేండ్ల వాడొకడు ఇంట నుందురు. తల్లి తెల్లవారినది మొదలు రాత్రి వరకు పనిలో మునిగియుండును. మావంటి బడిపంతుళ్లు ఈ ప్రశ్నకు పది పుస్తకముల పేర్లు వ్రాసి యిచ్చి, తమ విధి తీరినదని తలంతురు. ఆ పట్టికలో పిల్లల వయస్సు లెక్కకు వచ్చును గాని తల్లి తీరిక లెక్కకు రాదు. ఆ పుస్తకములను తెచ్చువారెవరు? చదువుచుండగా వినువారెవరు? తెలియని మాటకు అర్థము చెప్పువారెవరు? ఈ లోపము నేడు పుట్టినది కాదు. మన నగరములోని తెలుగు పుస్తకముల చరిత్రలో మొదటినుండియు నున్నది. కావున పట్టికకు ముందు ఆ చరిత్రను కొంత తడవి చూతము.

నిజాము రాష్ట్రమున పారసీ చిరకాలము రాజభాషగా నుండెను. 1880 తరువాతి సంవత్సరములలో ఉర్దూ దాని స్థానమును పొందినది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూనే బోధనభాషగా గైకొన్నది. ఆంగ్లమును వదలి దేశభాషలో ఉన్నతవిద్య గరపుట గొప్ప సాహసమే. ఉర్దూ మన నగరమునకు పరాయిది కాదు, మన వీధులలో వినబడు తీయని పలుకు. అయినను తెలుగింటి బాలునకు బడిభాష యొకటియు, వంటయింటి భాష మరియొకటియు నయ్యెను. తల్లితో మాటలాడు భాషలో చదువవలెనన్న వాడు ఇంటనే చదువవలెను, లేదా సెలవులలో చదువవలెను. కాబట్టి మన నగరమున వేసవి చదువు వట్టి కాలక్షేపము కాలేదు. తల్లిభాషకు మిగిలిన తావు చాలయిండ్లలో అదియే.

ఈ కొరతను గుర్తించిన పెద్దలు 1901 సెప్టెంబరు 1వ తేదీన మూసీనదికి ఉత్తరపు గట్టున, రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావు గారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. మునగాల రాజా నాయని వేంకటరంగారావు గారు, కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు ఈ యుద్యమమునకు ప్రాణముగా నిలిచిరి. 1904లో హనుమకొండలోను, 1905లో సికింద్రాబాదులోను ఇట్టి నిలయములే వెలసినవి. పుస్తకశాల యున్నను అందుంచుటకు తగిన పుస్తకములు లేవని గ్రహించి, 1906లో లక్ష్మణరావు గారును వారి మిత్రులును విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాము లింకను చరిత్రముతో దాని గ్రంథమాల యారంభమైనది. కథలకును పురాణములకును అలవాటుపడిన తెలుగువారికి చరిత్రములు, శాస్త్రములు తెలుగుననే చదువుట కెంతటి యవకాశము కలిగినదో చెప్పనక్కరలేదు.

ఇంతటి మహోపకారమును శిరసావహించుచునే మనమొక ప్రశ్న వేయవలసియున్నది. ఆ నిలయముల బల్లల చుట్టు కూర్చున్న వారెవరు? ప్రధానముగా ఉద్యోగులు, వకీళ్లు, వర్తకులు, పెద్దతరగతుల విద్యార్థులు. శాలిబండనుండి రెసిడెన్సీ బజారునకు నదిని దాటి రెండు మైళ్లకు పైగా పోవలెను. పొయ్యి యొద్ద నున్న యిల్లాలు ఆ దారి నెట్లు పట్టగలదు? శాలిబండలోనే 1895లో మరాఠీ చదువరులు భారత గుణవర్ధక సంస్థను ఏర్పరచుకొని తమ పుస్తకములను తమ వాడకు తెచ్చుకొనిరి. ఇంటిదగ్గర పుస్తకశాల యుండుట యెంత మేలో ఆ పొరుగువారు మనకు ముందే చూపిరి.

పిల్లల మాట యింకను వేరు. చిన్నయసూరి గారి నీతిచంద్రిక 1853లో వెలువడినది. దాని గద్యసౌష్ఠవమును మెచ్చని వారు లేరు. కాని తల్లి సహాయము లేక ఎనిమిదేండ్ల బాలుడు దానిని చదువుకొనలేడు. ఆ సహాయము చేయగల చదువు అప్పటి తల్లులలో బహు కొద్దిమందికే యుండెను. ఈ చిక్కు విడిన యిల్లు ఒకటి కలదు. అది లక్ష్మణరావు గారు పెరిగిన యిల్లే. తండ్రి చిన్ననాడే గతించుటచే ఆయన తమ యక్క భండారు అచ్చమాంబ గారి యింట నుండి నాగపురమున చదువుకొనిరి. అచ్చమాంబ గారికి పదేండ్లకే వివాహమయ్యెను. బడిచదువు లేదు. తమ్ముని చదువు వెంట తానును చదివి, తెలుగే గాక హిందీ, మరాఠీ మొదలగు భాషలును నేర్చిరి. 1901లో తమ్ముడు హైదరాబాదున భాషానిలయమును స్థాపింప తోడ్పడగా, ఆ యేటనే అక్క వ్రాసిన అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి భాగము వెలువడినది. మరుసటి యేట ఆమె మచిలీపట్టణమున స్త్రీసమాజ స్థాపనకు పూనుకొనిరి. 1905లో ముప్పదియేండ్లకే గతించిరి.

ఈ కథలో మన తల్లులకు పనికివచ్చు విషయ మిది. ఇంటిలో చదువు ఎల్లప్పుడును పెద్దలనుండి పిల్లలకే ప్రవహించునని మన మనుకొందుము. ఈ యింట అది బాలుని పుస్తకమునుండి ఇల్లాలి చేతికి వచ్చినది. పిల్లవానికై తెచ్చిన పుస్తకము తల్లికిని పుస్తకము కాగలదు.

తరువాతి కాలమున పిల్లల పత్రికలు ఈ పనికి బాట వేసినవి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో చెన్నపట్టణమునుండి 'బాల' పత్రికను వెలువరించిరి. 1947 జూలైలో 'చందమామ' వచ్చినది. పేరునకు పిల్లల పత్రికయే యైనను దానిని ఇంటిల్లిపాది చదివిరి. అందులకు కారణము బొమ్మలు మాత్రమే కాదు. ఒక్కొక్క కథ నాలుగైదు పుటలలో ముగియును, పాలు కాగులోపల చదివి ముగింపవచ్చును. ఆ పత్రికలు నేడు వెలువడుట లేదు. సోవియట్టు దేశమునుండి చౌకగా వచ్చిన తెలుగు బొమ్మల పుస్తకములును 1991 తరువాత నిలిచిపోయినవి. వానిలో కొన్నిటిని సికింద్రాబాదులోని మంచి పుస్తకము వారు మరల అచ్చు వేయుట సంతోషింపదగిన విషయము.

తీరిక లేని వారికి పుస్తకమే యెదురు రావలెనని గ్రహించిన వారు మన దేశముననే కలరు. బరోడా సంస్థానమున 1910 తరువాత శాయాజీరావు గైక్వాడు మహారాజు ఆధ్వర్యవమున పుస్తకములను పెట్టెలలో కూర్చి గ్రామములకు పంపిరి. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా డెల్టా కాలువలలో పడవమీద గ్రంథాలయమును నడిపిరి. ఇంటి యిల్లాలి విషయములో ఆ పెట్టెయు ఆ పడవయు కావలసినవారు ఆమె పిల్లలే.

ఇక ఎంపిక. సెలవులు సుమారు ఏడు వారములు, అనగా 49 దినములు. తల్లికి దినమునకు 20 నిమిషములు మాత్రమే చిక్కుననుకొందము. మొత్తము 980 నిమిషములు, 16 గంటలకు పైమాట. ఇది స్వల్పము కాదు. అయితే ఆ 20 నిమిషములలో ముగియునట్టి, లేదా ఆగుటకు వీలైన మజిలీ గలట్టి పుస్తకములనే యెన్నుకొనవలెను. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల కట్టడియే ఇట్టిది. యాత్రికు లొక్కొక్క మజిలీలో నాగినపు డొక్కొక్క కథ చెప్పబడును. పెద్దవాడు చదువగా చిన్నవాడు వినవచ్చును. అందు పిల్లలకు తగని కథలును కొన్ని కలవు గనుక పెద్దలు ముందుగా ఏరి యుంచవలెను.

చదువుట పిల్లల వంతు, వినుట తల్లి వంతు కావలెను. వేసవి యనగా ఆవకాయ, వడియములు, అప్పడములు. చేతులు పనిలో నున్నను చెవులు ఖాళీగానే యుండును. పెద్దవాడు బిగ్గరగా చదువుచుండగా తప్పు పలికిన చోట ఆమె సరిదిద్దును. ఆమెకు తెలియని మాట వచ్చినచో ఇద్దరును నిఘంటువు చూతురు. పిల్లవాని యెదుట తనకు తెలియదని తల్లి యొప్పుకొనుట వానికి గొప్ప పాఠము.

కథలతోనే తృప్తిపడక తమ వీధి చరిత్రమును చదివింపవలెను. 1591లో కట్టిన చార్మినారు క్రిందుగా నిత్యము నడచు బాలునకు, గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును అంకితమిచ్చెననియు, అమీనుఖానునకు అంకితమైన పొన్నెగంటి తెలగనార్యుని యయాతిచరిత్ర మొదటి అచ్చతెలుగు కావ్యమనియు తెలియవలెను. అపుడు వాడు పొరుగు ముసల్మాను బాలుని తన యింటి చరిత్రలోని వానినిగా చూచును. ఆదివారమున నయాపూలు దాటించి, 1891లో ఆసఫియా పేర స్థాపితమై 1936నుండి అఫ్జల్‌గంజిలో నున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును చూపింపవలెను.

మగపిల్లలకు స్త్రీల చరిత్రములను చదువనిండు. వీరుల కథలే చదివిన బాలుడు తల్లి పనిని పనిగా లెక్కింపడు. అచ్చమాంబ గారి జీవితమును విన్నవాడు, అమ్మ యెందుకు చదువుకొనలేదని యొకనాడైనను అడుగును.

ఆ ప్రశ్నయే మా వ్యాసమునకు ముఖ్యము. తల్లికి తీరిక లేకుండుట దైవికము కాదు. ఇంటిపని యంతయు ఒక్కరి నెత్తిన పెట్టుటచే కలిగినది. నీళ్లు పట్టుట, పడకలు మడచుట, గిన్నెలు తోముట ఎనిమిదేండ్ల వానికిని చేతనగును. తండ్రికి మరింత చేతనగును. అందరును కలిసి చేసినచో తల్లికి 20 నిమిషములు కాదు, గంట మిగులును. ఆ గంటలో ఆమె పిల్లల పుస్తకము గాక తనకు నచ్చిన పుస్తకమును చదువుకొనవచ్చును. ఇల్లిందల సరస్వతీదేవి గారి స్వర్ణకమలములకు 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. హైదరాబాదున కాపురముండి కథలు వ్రాసిన ఆ యిల్లాలి పుస్తకము మన యిల్లాండ్రు చదువదగినది.

2018లో తెలంగాణ శాసనసభ పాఠశాలలలో తెలుగు బోధన తప్పనిసరి యని చట్టము చేసినది. చట్టము అక్షరములను నేర్పగలదు. బడిలో ఉర్దూ యున్న దినములలో తెలుగును నిలిపినది ఇండ్లు. ఆంగ్లము చెలరేగుచున్న ఈ దినములలో నిలుపవలసినదియు ఇండ్లే. కావున తండ్రులకు మా మనవి యొకటే. ఈ వేసవికి పిల్లలకు మూడు పుస్తకములు కొనుడు, ఇల్లాలికి ఒకటి కొనుడు. వానిని చదువుటకు వలయు గంటను మీ చేతిపనితో సంపాదించి యిండు.