ఆటకు మున్సిఫ్ ఎందుకు?

షత్రంజ్ బల్ల మీద దాపరికం ఏమీ ఉండదు. బాద్‌షా ఎక్కడున్నాడో, వజీర్ ఎటు చూస్తున్నాడో ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఘోడా ఎలా దూకాలో, ప్యాదా ఎన్ని గడులు జరగాలో ఖాయిదా ముందే తేల్చేసింది. ‘నేను జంగ్ చేయను, అవతలి వజీర్‌తో మాట్లాడి వస్తా’ అని ఏ ప్యాదా అనలేడు. అందుకే షత్రంజ్‌కి మున్సిఫ్ అక్కర్లేదు. ఆటగాడికి ఏమైనా చేసే ఇజాజత్ ఇచ్చినప్పుడే మున్సిఫ్ అవసరం పడుతుంది. (మన ఊళ్లలో ‘మునసబు’ అన్నది ఈ మున్సిఫ్‌నే.) ఆ ఇజాజత్‌కి ఓ తారీఖ్ ఉంది.

‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ చూసిన పిల్లలకు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరు తెలిసే ఉంటుంది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు రెఫరీ. ‘మీ ముందు పాత ఖిల్లా. తలుపు సగం తెరిచి ఉంది. లోపల చీకటి. ఏం చేస్తారు?’ అని అడుగుతాడు. మిగతావాళ్లు తలో కిర్దార్ తరఫున జవాబు చెప్తారు. ఏం జరిగిందో రెఫరీ చెప్తాడు. ఎటూ తేలని చోట పాచికలు వేస్తారు. ఈ ఆట ఖాందాన్‌ని వెతుక్కుంటూ వెళ్తే ప్రష్యా ఫౌజ్‌లో తేలతాం.

1824లో రైస్‌విట్జ్ అనే ప్రష్యన్ ఫిరంగిదళ అఫ్సర్, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధపు ఆటని బాగుచేసి నియమాలు అచ్చు వేయించాడు. పేరు క్రీగ్‌ష్‌పీల్. గడుల్లేవు, అసలైన నక్షా మీదే ఆట. ఒక్కో వంతు రెండు నిమిషాల యుద్ధానికి లెక్క. ఆటగాళ్లు తమ హుకుంలు మధ్యవర్తికి ఇస్తారు, అతను ఫౌజుల్ని కదుపుతాడు. కొండ వెనకున్న దుష్మన్ నీ సిపాయిలకు కనపడకపోతే నీకూ కనపడడు. షత్రంజ్‌లో లేని ‘తెలియకపోవడం’ ఆటలోకి అలా వచ్చింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ నియమాలు, పట్టికలు, లెక్కలు చూసుకోవడంలోనే పొద్దు గడిచిపోయేది. 1870లలో మెకెల్, ఆ తర్వాత 1876లో వెర్డీ దు వెర్నువా ఇదే ఫిర్యాదు చేశారు. వెర్డీ అయితే సాఫ్‌గా చెప్పేశాడు: పట్టికలు పక్కన పెట్టండి, జంగ్ చూసిన అనుభవజ్ఞుడు తన తజుర్బాతో ఫైసలా చెప్తే చాలు. ఆట చురుగ్గా సాగింది. కానీ నాకో షక్ ఉంది. ఆ ఫైసలా చెప్పేవాడు పై అధికారి. కింది అఫ్సర్ దుష్మన్‌ని చూసి ఆడతాడా, సాహెబ్ మొహం చూసి ఆడతాడా? పుస్తకం చేతిలోని ఇఖ్తియార్ మనిషి చేతికి వచ్చినంత మాత్రాన ఆటగాడికి ఆజాదీ వచ్చినట్టు కాదు.

ఆ ఆజాదీ అమెరికాలో, దాదాపు అనుకోకుండా వచ్చింది. టాటెన్ అనే అమెరికన్ ఫౌజీ 19వ శతాబ్దం చివర్లో ‘స్ట్రాటెగోస్’ అనే యుద్ధపు ఆట పుస్తకం రాశాడు. డేవిడ్ వెస్లీ అనే మినెసోటా కుర్రాడికి అది యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. ఆటగాడు ఏదైనా ప్రయత్నించవచ్చు, కుదిరిందో లేదో రెఫరీ తేలుస్తాడు అన్న సంగతి అతని మనసులో నాటుకుంది. 1969లో నెపోలియన్ కాలపు ఆట ఒకటి తయారుచేశాడు. ఊరి పేరు బ్రౌన్‌స్టైన్. రెండు ఫౌజులు ఊరి మీదికి వస్తున్నాయి. అయితే అనుకున్నదానికంటే ఎక్కువమంది దోస్తులు ఆడటానికి వచ్చారు. వాళ్లని ఖాళీగా కూర్చోబెట్టకుండా ఊళ్లో మనుషుల్ని చేశాడు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు, ఒకరు యూనివర్సిటీ పెద్ద. ప్రతివాళ్లకీ ఓ మతలబు ఇచ్చాడు.

ఇక చూస్కోండి. ఫౌజులు బల్ల దగ్గరికి రాకముందే ఆటగాళ్లు గదుల మూలల్లోకి వెళ్లి గుసగుసలు, సౌదాలు. ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికే సిద్ధం. వెస్లీ రాసుకున్న వరస మొత్తం చెదిరిపోయింది. ఆట ఫెయిలయిందనే అనుకున్నాడు పాపం. దోస్తులు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

వాళ్లలో డేవ్ ఆర్నెసన్ అసలైన ఖిలాడీ. బనానియా అనే కల్పిత దేశంలో జరిగిన మరో ఆటలో అతనికి ఇచ్చింది విప్లవ విద్యార్థి కిర్దార్. అతనేమో నకిలీ గుర్తింపు కార్డు చూపించి సీఐఏ మనిషినని అందర్నీ నమ్మించి, చివరికి దేశం ఖజానాతో హెలికాప్టర్ ఎక్కి పోయాడని ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఏ నియమంలోనూ లేదు. ‘అలా కుదరదు’ అని వెస్లీ అనకపోవడమే అక్కడ పెద్ద విషయం.

ఆర్నెసన్ 1971లో ‘బ్లాక్‌మూర్’ అని తన సొంత ఖిల్లా కట్టాడు, దాని కింద తహఖానాలు తవ్వాడు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని గ్యారీ గైగాక్స్‌తో కలిసి దాన్ని 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’గా అచ్చు వేశారు. ఒక డబ్బాలో మూడు చిన్న కితాబులు, పది డాలర్లు, మొదటి ముద్రణ వెయ్యి. ఆ కితాబుల్లో ఖాళీలు చాలా. ఉచ్చులు పట్టే దొంగ పాత్ర కూడా లేదు, 1975 అనుబంధంలోగానీ రాలేదు. అంతవరకూ నేలలో గొయ్యి ఉందేమోనని అనుమానమొస్తే ఏం చేస్తున్నావో నోటితో చెప్పాల్సిందే. ‘నీళ్లు పోస్తా, ఎటు ఇంకుతాయో చూస్తా’ అంటే రెఫరీ ఆలోచించి జవాబివ్వాలి. దొంగకు ‘ఉచ్చు కనిపెట్టే శాతం’ రాసిచ్చాక నీళ్లు పోసేవాడికి పని తగ్గిపోయింది. కొత్త హక్కు ఒకడికి రాసిస్తే మిగతా అందరి హక్కూ చిన్నదవడం ఆటల్లోనే కాదనుకోండి.

మరి రెఫరీ ఏం తయారు చేసుకోవాలి? జగహ్, కిస్సా కాదు. తహఖానాలో ఏ గదిలో ఎవరున్నారు, వాళ్లకేం కావాలి, ఏ దారి ఎటు పోతుంది, ఇవన్నీ తెలిసుండాలి. ఆటగాళ్లు దుష్మన్‌తో పోరాడతారా, లంచమిస్తారా, తిరిగి ఇంటికి పోతారా అన్నది వాళ్ల మర్జీ. ప్రమాదం ఉంటే దాని నిషానీ ముందే చూపించాలి. తెలియకుండా చేయించిన ఎంపికని ఆజాదీ అనలేం.

1984లో వచ్చిన ‘డ్రాగన్‌లాన్స్’ ఆటపుస్తకాల్లో హీరోలూ ముందే తయారు, వాళ్లు నడవాల్సిన దాస్తానూ ముందే తయారు. తెగ అమ్ముడుపోయాయి. అది ఇష్టపడ్డవాళ్లని తప్పు పట్టను, బాగా రాసిన కథ ఎవరికి చేదు? కానీ రైలెక్కినవాడు బండి నడిపినట్టు కాదు. 2008లో మాట్ ఫించ్ పాత పద్ధతి మీద చిన్న పుస్తకం రాసి ఉచితంగా పంచిపెట్టాడు. నియమం వెతక్కండి, ఫైసలా చెప్పండి అన్నదే అందులో ముఖ్యమైన మాట. అంతకు 132 ఏళ్ల ముందు వెర్డీ అన్నదీ అదే.

ఇంకో తగువు మాత్రం ఈనాటికీ తెగలేదు. రెఫరీ అట్టల పరదా వెనక పాచికలు వేసి, నచ్చని అంకె వస్తే మార్చి చెప్పొచ్చా? ఆ ఇఖ్తియార్ రెఫరీకి ఉందనే 1979 పుస్తకంలో గైగాక్స్ రాశాడు. కానీ పాత పద్ధతిలో ఆడించేవాళ్లు ఇప్పుడు చాలామంది పరదా తీసేసి అందరి ముందే పాచికలు వేస్తున్నారు, ఏడాదిగా పెంచుకున్న కిర్దార్ ఆ దెబ్బకి చచ్చిపోయినా సరే.