వెదురువిల్లు



విల్లు అనగానే మనకు శ్రీరామచంద్రుడు జ్ఞప్తికి వచ్చును. అర్జునుడు జ్ఞప్తికి వచ్చును. బొటనవ్రేలు కోసి గురుదక్షిణగా నిచ్చిన యేకలవ్యుడు జ్ఞప్తికి వచ్చును. కాని ఆ విల్లును ఏ కఱ్ఱతో చేసిరి, దాని నారి దేనితో పేనిరి, అమ్మునకు ములికి యెట్లు నిలిచినది అని అడిగినచో చెప్పగలవారు మనలో అరుదు. నేనును చెప్పలేనివాడనే. 35 సంవత్సరములు బడిపిల్లలకు తెలుగు చెప్పిన నాకు ఆ సంగతి నేర్పినవారు ఇరువురు: ఒకడు మేదరి బాలుడు, ఒకరు కోయ వృద్ధుడు. అది జరిగిన విధమును నేడు మనవి చేసెదను.

మాది మాక్లూరు. ఆర్మూరు చుట్టుప్రక్కల పల్లెలన్నిటివలెనే మాకును పసుపే బంగారము. పసుపు త్రవ్వినది మొదలు, ఉడికించి, ఎండబోసి, అంగడికి చేర్చువఱకు గంప లేనిదే పని నడువదు. ఆ గంపలల్లువారు మేదరులు. వారి యిండ్లముందు వెదురు చీల్చు చప్పుడు నా చిన్ననాటినుండియు వినుచున్నాను. వినుటయే గాని, ఆగి చూచినవాడను కాను.

1987లో ఈ ప్రాంతపు బడియొకదానిలో పనిచేయుచు, ఒకనాడు విల్లునకు పర్యాయపదములు చెప్పుచుంటిని. అమరకోశము చాపము, కోదండము, కార్ముకము మొదలగువానిని ఒక్క వరుసలో కూర్చినది. పిల్లలు వల్లె వేసిరి. అంతటితో విడిచిన బాగుండెడిది. నా పాండిత్యము నన్ను విడువలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమును ఎత్తుకొంటిని. ఆ గ్రంథము శతాబ్దములు కనుమఱుగై యుండి, 1905లో మైసూరునందు తాటియాకుల ప్రతిగా శామశాస్త్రిగారి చేతికి చిక్కి, 1909లో అచ్చుపడినది. అందు ఆయుధాగారాధ్యక్షుడు అను అధికారి చూచుకొనవలసిన సామగ్రియంతయు చెప్పబడినది. అమరసింహుడు ఒకే అర్థమున కూర్చిన పేళ్లను కౌటిల్యుడు వేఱు చేసినాడు. తాటికఱ్ఱవిల్లు కార్ముకము, వెదురువిల్లు కోదండము, దారువుతో చేసినది ద్రూణము, కొమ్ముతో చేసినది ధనుస్సు. పిమ్మట నారికి తగిన వస్తువులు ఆఱు చెప్పినాడు: మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువను గడ్డి, వేణువు, స్నాయువు.

మూర్వ యనగా మన చాగనార; దానినుండియే వింటినారికి మౌర్వి యను పేరు వచ్చినది. జిల్లేటినార గట్టిదని మీరెఱుగుదురు. జనుపతాడు సరేసరి. స్నాయువనగా పశువు నరము. కాని వేణువేమి? వెదురు వంగును గాని, తాడువలె ముడిపడునా? "ఇది వ్రాయసకాని ప్రమాదము, వింటికఱ్ఱల జాబితాలోని మాట జాఱి నారుల జాబితాలో పడినది" అని పిల్లలకు నిబ్బరముగా చెప్పితిని.

వెనుకవరుసనుండి ఒక బాలుడు లేచెను. మేదరివారి పిల్లవాడు.

"సారూ, దబ్బ సన్నగ చీరితే తాడు లెక్కనే ముడిపడ్తది. మా నాయిన గంప అంచుకు గట్లనే కడ్తడు" అనెను.

"ఇది కౌటిల్యుని పాఠము, గంపల పాఠము కాదు. కూర్చుండుము" అంటిని. తరగతి యంతయు నవ్వినది. బాలుడు కూర్చుండెను. నేను పాఠము సాగించితిని.

పిమ్మట 17 ఏండ్లు గడచినవి. 2004లో శ్రీరామనవమికి సకుటుంబముగా భద్రాచలము పోయితిని. అచ్చటి మూలమూర్తి చతుర్భుజుడు. శంఖచక్రములతో పాటు ధనుర్బాణములను ధరించినవాడు. కల్యాణము చూచిన మఱునాడు, దుమ్ముగూడెము ప్రాంతమున ఉపాధ్యాయుడుగా నుండిన నా తోడల్లుడు మమ్ము పర్ణశాలకు కొనిపోయెను. తిరుగుత్రోవలో ఒక కోయపల్లెలో ఆగితిమి. అచ్చట ఇప్పచెట్టు నీడను ఒక వృద్ధుడు కూర్చుండి విల్లు చెక్కుచుండెను. పండుగలో ఆడుటకు మనుమనికై చేయుచున్నాడట. నేను ప్రక్కనే చతికిలబడితిని. ప్రొద్దు వ్రాలువఱకు లేవలేదు.

ఆ పని యిట్టిది. వెదురు లేతది పనికిరాదు. మూడేండ్లు దాటి ముదిరినది కావలెను. అందును ముండ్లవెదురు లోపల బోలుగా నుండును. కొండలమీద ఎండకు పెరిగిన సన్నవెదురు దాదాపు గట్టిగా నుండును. చలికాలమున కొట్టినచో పురుగు తక్కువ. ఏలయనగా పురుగు తినునది కఱ్ఱను కాదు, కఱ్ఱలోని తీపిని, పిండిని. కొట్టినదానిని చీల్చి, పొయ్యిమీది అటుకపై నెలల తరబడి పొగకు ఆరనిత్తురు. వృద్ధుని చేతిలోని బద్ద అట్లు ఆరినదే.

కొలతకు ఆయన మూరయే బద్ద. మూడు మూరలమీద ఒక బెత్తెడు కొలిచెను. నాకు అగ్నిపురాణము స్ఫురించినది. అందు నాలుగు మూరల విల్లు ఉత్తమము, మూడున్నర మధ్యమము, మూడు మూరలది కనిష్ఠము అని యున్నది. పొదలలో దూరువానికి పొట్టివిల్లే అనుకూలమని ఆయన మాట. పురాణము కనిష్ఠమన్నది అడవిలో ఉత్తమమగును.

నడుమ పిడికెడు చోటు మందముగా విడిచి, అటునిటు కొనలకు సన్నగిలునట్లు కత్తితో లోపలి ప్రక్కనే గీకును. వెలుపలి తోలును ముట్టడు. కణుపులను నున్నగా చెక్కడు. వెదురు బలమంతయు ఆ తోలుక్రింది పీచులోనే యున్నది. విల్లు వంగునపుడు వీపు సాగును, కడుపు అణగును. సాగు ప్రక్కన పీచు తెగినచో విల్లు రెండగును. ఇది ఏ శాస్త్రము చదివినను ఇంతే. ఆయన చదువలేదు, గీకుచున్నాడు.

నాలుగుసార్లు గీకి ఒకసారి వంచును. కన్ను మూసి ఒకవైపునుండి చూచును. ఒక రెక్క మొండిగా నున్నచో దానిని గీకును; రెండవదానిని ముట్టడు. తొందరపడి ఒక్కసారి నిండుగా వంచువాడు విల్లును విఱుచుకొనును. "విల్లుకి వంగటం నేర్పాలి, పంతులుగారూ. బెదిరిస్తే విరిగిపోద్ది" అనెను. ఆ మాట బడిపంతులుకు తగులవలసినచోట తగిలినది.

విల్లు ముగిసినది. నారికై ఆయన ఏ జనుపతాడునో తీయునని చూచుచుంటిని. మఱియొక వెదురుముక్కను తీసెను. దాని తోలుప్రక్కనుండి చిటికెనవ్రేలి వెడల్పున ఒక దబ్బను చీల్చి, లోపలి మెత్తనిభాగమును గీకివైచి, పలుచని పట్టీగా చేసెను. నీళ్లలో నాననిచ్చి, రెండు కొనలను మడచి, నారతో బిగించి, విల్లు వంచి వింటికొప్పులకు తగిలించెను. మీటగా అది పలికినది.

ఆఱవస్థానమున కాదు, అయిదవస్థానమున కౌటిల్యుడు వ్రాసిన వేణువు అది. వ్రాయసకానికి ప్రమాదము లేదు. గ్రంథము తప్పులేదు. తప్పు నాది.

"తాడు కట్టరాదా?" అని అడిగితిని. "తాడు తడిస్తే ఒక తీరు, ఎండితే ఒక తీరు. ఇది మాట మార్చదు" అని ఆయన సమాధానము. మన దేశపు అడవులలో పెక్కుచోట్ల, మధ్యభారతపు గోండులలోను భిల్లులలోను గూడ, వెదురుదబ్బయే నారి యగుట పిదప తెలిసికొంటిని.

అమ్ముల సంగతియు అంతే. సన్నని వెదురుపుల్లను నిప్పుసెగ చూపి, వంకర తీయుదురు. వెనుకకొనను నారికి పట్టునట్లు గాడి కోసి, పక్షి యీకను రెండుగా చీల్చి నారతో కట్టుదురు, అది పింజ. ములికి బరువుచేత ముందు నడచును. పింజ గాలికి తగిలి వెనుకభాగమును అదుపులో నుంచును. అందుచేత కోల అడ్డము తిరుగక సూటిగా పోవును. ములికిని కమ్మరి సాగగొట్టును. దాని తోకను కోలలో దిగవేసి, నార చుట్టి, చెట్టుజిగురు పూయుదురు. పిట్టలను కొట్టుటకు ఇనుపములికి అక్కఱలేదు, మొద్దుకొయ్యముక్కయే చాలును. కౌటిల్యుడును ఇదే చెప్పినాడు: ములుకులు ఇనుముతోను, ఎముకతోను, కొయ్యతోను చేయబడును, వాని పనులు కోయుట, చీల్చుట, కొట్టుట. రాజుగారి ఆయుధాగారపు పట్టిక ఇప్పచెట్టు క్రింద పఱచి యున్నది.

ఇచట చరిత్రకారుల కష్టమొకటి చెప్పవలెను. డెన్మార్కుదేశమున హోల్మెగార్డు అను బురదనేలలో సుమారు 9,000 ఏండ్లనాటి కొయ్యవిండ్లు చెడకుండ దొరకినవి. గాలి చొఱని ఆ బురద వానిని కాపాడినది. మన నేలలో వేడియు, వానయు, చెదలును కలసి కొయ్యను మిగులనీయవు. మనకు మిగిలినవి రాతిములుకులు, భీంబేట్కా వంటి గుహలలోని వేటకాండ్ర బొమ్మలు, మన యూళ్ల పొలిమేరలలోని వీరగల్లులపై విల్లు పట్టిన వీరుల రూపములు. ఇవి విల్లును చూపును గాని, చేయు విధమును చెప్పవు. దానిని చెప్పునది చేయి యొక్కటే. చేయి మఱచినచో గ్రంథములోని మాట వట్టి మాటయై, నా వంటి పండితునికి అచ్చుతప్పుగా కనబడును.

ఇనుము సంగతి మన జిల్లావారికి చెప్పనక్కఱలేదు. మన కోనసముద్రపు ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చెడివారని 19వ శతాబ్దమున వాయిసీ యను ఆంగ్లేయుడు వ్రాసి యుంచెను. ఆ కొలుములు చల్లారినవి. ఆ ఉక్కు వండు విధమును నేడు పండితులు చిట్టెపు ముక్కలను పరీక్షించి ఊహించుచున్నారు. చేతులున్నప్పుడు అడిగినవారు అరుదు. అడుగవలె నన్నప్పుడు చేతులు లేవు.

విల్లునకును తుపాకి వచ్చినప్పుడే గండము వచ్చినది. గోదావరి కావలియొడ్డున నిర్మలలో రామ్‌జీ గోండును 1860లో ఉరితీసిరి. మన్యమున అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై బడి తుపాకులనే తీసికొనెను; విల్లు ఒక్కటి చాలదని ఆయన యెఱుగును. 1940లో జోడేఘాటున కొమరం భీము తుపాకిగుండ్లకే కూలెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది, వేట నేరమైనది. అడవిమృగములు తఱిగిన ఈ కాలమున ఆ చట్టము కావలసినదే. కాని వేటతోపాటు విల్లు చేయు పనియు ఇంటింట సన్నగిలినది. సీతారామరాజు విగ్రహము చేతిలో విల్లు చూడని పట్టణము లేదు. దానికి నారిగా ఇనుపతీగ కట్టిన విగ్రహములను గూడ చూచితిని.

భద్రాచలమునుండి వచ్చిన వారమునకు నేను మేదరివాడకు పోయితిని. ఆ బాలుడు పెద్దవాడై దుబాయి పోయినాడని తెలిసినది. తండ్రి వాకిట గంప అల్లుచుండెను. జరిగినదంతయు చెప్పి, "నీ కుమారుడు చెప్పినది నిజము; నేనే తెలియక కసరితిని" అంటిని. ఆయన కత్తి దించలేదు. "ఆ దినమే ఇంటికొచ్చి చెప్పిండు సారూ. బడికి పోనని రెండు దినాలు ఏడ్చిండు" అనెను. కొంతసేపటికి, "ఫోను చేసినప్పుడు చెప్తా తియ్యుండ్రి" అనెను.

చెప్పెనో లేదో నే నడుగలేదు. కాని ఆ పిమ్మట, నేను పదవి విడుచువఱకు, గ్రంథములో నాకు తెలియని వస్తువు పేరు వచ్చినప్పుడెల్ల తప్పని కొట్టివేయుటకు ముందు తరగతివైపు తిరిగి, "మీ యింట ఎవరికైన తెలియునా?" అని అడుగుచుంటిని. కుమ్మరి పిల్లవాడు సారె సంగతి చెప్పెను. సాలె బాలిక పడుగుపేకల సంగతి చెప్పెను. నా నిఘంటువు అంచులు వారి మాటలతో నిండినవి.

పెద్దలారా, మీ యూళ్లలో ఏ పనివాని చేతిలో ఏ శాస్త్రమునకు వ్యాఖ్యానమున్నదో మనకు తెలియదు. మీ మనుమలను ఒక పూట వారి ప్రక్కన కూర్చుండబెట్టుడు. పనిముట్ల పేర్లు, వస్తువు భాగముల పేర్లు వారిచేత వ్రాయింపుడు. విల్లు తిరిగి వేటకు పోనక్కఱలేదు. కోదండపాణి చేతిలోనిది వెదురని చెప్పగల మనుష్యుడొకడు ప్రతి తరమునను మిగిలిన చాలును.